తోబుకొక కథ

కెన్యా అక్క ఇక లేదన్న కబురు నాకు మొదట చెప్పింది మా విల్లా డ్రైవరన్న. జగిత్యాల వైపు మనిషి. పోయిన నెల ఇస్త్రీ బట్టల కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అక్క సచ్చిపోయిందట చెల్లె. మొగని ఇంట్లనే. ఎట్లనో ఎవ్వరు చెప్తలేరు," అన్నాడు. నా చేతికింద సారు తోబు కాలర్ మాడింది.

అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలోని ఈ ఇంట్లో నాది వంట, ఇప్పుడు నా మీద పడ్డ ఈ బట్టల పని అప్పట్లో ఆమెది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వెళ్ళి ఆమె పక్కన కూర్చునేదాన్ని. మా ఇద్దరి భాష కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లిషు, మిగిలింది చేతులు. మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల తోబు ఒకటి ఇస్త్రీ అయ్యేలోపు ఒక కథ చెప్పేది, ఫోనులో రికార్డు చేసి తన ఊరి ఆడవాళ్ళకు పంపేది. "మా నల్ల ఆడవాళ్ళ కాపురాలు ఎవరు రాస్తారు సిస్టర్? నేనే చెప్పాలి," అనేది. తోబులు ఎక్కువున్న రోజు నాకు పండుగే. ఒక కథలో భార్య, మొగుడి అడుగుల చప్పుడు విని పిల్లల్ని మంచం కిందికి పంపేది. ఇంకో కథలో భార్య ఎప్పుడైనా పరుగెత్తాల్సి వస్తుందని చెప్పుల్ని గుమ్మం వైపు తిప్పి ఉంచేది. ఆ చెప్పులావిడ చివరికి పరాయి దేశం పనికి వెళ్ళిపోయింది. మొగుడు ఫోను చేసి, మారిపోయాను రమ్మన్నాడు. అక్కడ కథ ఆగిపోయింది.

"నువ్వే చెప్పు, వెళ్ళాలా వద్దా?" అంది.

నేను బడికి వెళ్ళలేదు. నాయనమ్మ ఇంట్లో వ్రతకథలతోనే నాకు చదువు చెప్పింది. వాటిలో భార్య ఓపిక పడితే అంతా చక్కబడుతుంది. "పంపించెయ్ అక్కా, దేవుడు ఆయన మనసు మారుస్తాడు," అన్నాను.

"మీ దేవుడికి మా ఊరి దారి తెలుసా?" అని పకపకా నవ్వింది.

"దేవుడికి దారి చెప్పాలా ఏంటి!"

నెల తిరక్కుండానే సామాను సర్దుకుంది. గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటుంటే చూశాను. బయటి వైపు తిరిగి ఉన్నాయి. రోజూ అలాగే ఉండేవి, నేనే గమనించలేదు. "నీ ముగింపే బాగుంది సిస్టర్," అంది. కథలో మనిషికి చెప్పినంత తేలిగ్గా ఈమెకు వెళ్ళమని చెప్పగలనా? వద్దని కూడా అనలేదు. బయట డ్రైవరన్న "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

ఆ కథలు వినే భాగ్యం ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. శుక్రవారం వ్రతకథ చదివాక మాత్రం అక్షింతలున్న చేయి పైకి లేవడం లేదు. తోబు ఇస్త్రీకి ఇప్పుడూ అంతే సేపు పడుతోంది. ఆ కాసేపట్లోనే ఒక కాపురమంతా గడిచిపోయేది. మీరు కథ చదివి అక్షింతలు నెత్తిన వేసుకునే ముందు, చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టుకున్న ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.