పర్శరాములు మగ్గం గుంట

"వాన పడ్తుంటె నీకేం పనిరా, పర్శరాములూ?"

మంథనిలో జలపతిరావు దొర ఈ మాట అడిగింది 1958 శ్రావణంలో. జవాబు కోసం అడగలేదు. పెద్దపల్లి దారిలో వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. హైదరాబాదు నుంచి వచ్చిన బావమరిది దామోదర్‌రావు గడీలో చిక్కుకుని విసుక్కుంటున్నాడు. అతనికి ఊరు చూపించాలి, తల తడవకుండా గొడుగు పట్టాలి. ముసురు పడితే నేతగాళ్లకు పనుండదని దొర నమ్మకం.

నేత ఉండదు, నిజమే. కానీ పర్శరాములుది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేస్తాడు. ముసురుకు ఆ గుంటలో నీరూరుతుంది. ఎప్పటికప్పుడు తోడిపోయకపోతే గట్టు నాని మగ్గం గుంజలు కూలతాయి. భార్య ఐలవ్వ ఇంట్లో ఉంటే తోడేదే. ఆ రోజు ఆమె నాట్లకు పోయింది, అదీ జలపతిరావు పొలంలోకే.

"గుంటల నీళ్లు తోడాలె, దొరా."

"తోడుదువు తియ్. మా బామ్మర్ది జరసేపట్ల ఇడిసిపెడ్తడు."

వెట్టిని చట్టం రద్దు చేసింది. గొడుగు పట్టడం గురించి చట్టం ఏమీ చెప్పలేదు.

దామోదర్‌రావుకు వాన నచ్చింది. గుళ్లన్నీ తిరిగాడు. రాతి మీది అక్షరాలను వేలితో తడిమి, ఒక్కటీ చదవలేక, చాలా గొప్పవన్నాడు. రేవు మెట్ల మీద నిలబడి గోదావరి ఎర్రనీళ్లను చూస్తూ కాల్చిన మక్కకంకి తిన్నాడు. గొడుగు అతని మీద, వాన పర్శరాములు మీద.

"జర ఇంటికి పోయొస్త, సారూ. గుంట నిండుతది."

"మగ్గం యాడికి పోతదోయ్? ఈతకొట్టుకుంట గోదాట్లకు పోతదా?" తన హాస్యానికి తనే నవ్వి, "గది ఏం గుడి?" అన్నాడు దామోదర్‌రావు.

మంథనిలో మనశ్శాంతి దొరికిందని ఆ సాయంత్రం గడీలో చెప్పాడట. దొరికే ఉంటుంది. తడిసింది అతను కాదు గదా.

పర్శరాములు ఇల్లు చేరేసరికి ఐలవ్వ మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉంది. గట్టు విరిగింది, గుంజ ఒరిగింది, నాలుగు చీరల పడుగు బురదలో పడింది. ఆ నూలు నేతగాళ్ల సొసైటీ అరువిచ్చింది.

"వచ్చినవా? ఛత్రి పట్టినందుకు ఏమిచ్చిండ్రు, జాగీరా?" అంది ఐలవ్వ.

అతను పోగులను మంచినీళ్లలో జాడించి చూశాడు. గంజి కరిగి, అవి ఒకదానికొకటి చుట్టుకుని ఉండకట్టాయి.

తెల్లారి ఆ ఉండను గడీకి పట్టుకుపోయాడు. బావమరిది పక్కనే కూర్చున్నాడు గనక దొరకు ఉదారత పుట్టింది.

"ఎంతరా?"

"ముప్పై ఆరు రూపాయలు, దొరా."

"గంతేనా! నేనిస్త, పో. ఫికర్ జెయ్యకు."

బావ మనసు వెన్న అని దామోదర్‌రావు మెచ్చుకున్నాడు. వాగు తగ్గగానే బస్సెక్కి పోయాడు.

తర్వాత దొర "పంట రానీ" అన్నాడు. పంట వచ్చాక "ఎలక్షన్లు కానీ" అన్నాడు. ఆ తర్వాత గుమస్తాయే గడప దగ్గర ఆపేశాడు. పాత బాకీ తీరనిదే సొసైటీ కొత్త నూలివ్వనంది. నూలు లేని మగ్గాన్ని పర్శరాములు కట్టెల కింద అమ్మి, బొంబాయి దగ్గరి భీవండికి పోయి పరాయివాళ్ల మరమగ్గాల మీద పనిచేశాడు. దగ్గు పట్టి తిరిగొచ్చి, 1966లో పోయాడు. సొసైటీ బాకీని ఐలవ్వ నాటు కూలితో తీర్చింది. జలపతిరావు ఇస్తానన్న ముప్పై ఆరు రూపాయలు ఇంకా ఇవ్వలేదు.