బాపట్లలో ముళ్ళెలుక పురుడు

మా ఆఖరి చెల్లెలు కమల బాపట్లలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఒంగోలు అవతలి మెట్ట పొలాల నుంచి తెప్పించిన మూడు ముళ్ళెలుకలను ఇంటి వెనక గదిలో పెంచుతోంది. పిడికిలంత ప్రాణులు. బెదిరితే ముళ్ళబంతిలా చుట్టుకుంటాయి. చలికాలమంతా తిండి మానేసి నిద్రపోతాయి. లేచాక జతకట్టి, వానలకు పిల్లల్ని పెడతాయి. బోనులో ఉంచినా అలా పెడతాయో లేదో చూడాలని కమల ఆశ. నిరుడు పెట్టలేదు. ఈ వానల్లోనూ పెట్టకపోతే వాటిని పొలాల్లో వదిలేయమన్నారు వాళ్ళ డిపార్టుమెంటు హెడ్డు. ఈ పంతొమ్మిది వందల డెబ్బై రెండు ఆషాఢంలో ఒక ఆడది బరువుగా కనిపిస్తోందనీ, అత్తగారిని ఆపడం తన వల్ల కావడం లేదనీ, వచ్చి నాలుగు రోజులుండమనీ కబురు పంపింది. ఇంటికి పెద్దదాన్ని. దేవుడి దగ్గర దీపం పెట్టి బయల్దేరాను.

మా రేపల్లెలో తెల్లవారే పాసింజరు ఎక్కితే ఎనిమిది దాటకముందే తెనాలిలో దిగవచ్చు. ఇంజనుకు వీపు పెట్టి కూర్చోండి, లేకపోతే బొగ్గు నుసి కళ్ళల్లో పడుతుంది. కాలవలకు అప్పుడే నీళ్ళు వదిలారు. దారి పొడవునా నారుమళ్ళు లేతగా, తడిగా ఉన్నాయి. తెనాలిలో మద్రాసు వైపు వెళ్ళే పాసింజరు కోసం గంటసేపు కూర్చున్నాను. జపానికి ఆ గంట సరిపోయింది. నిడుబ్రోలు మీదుగా పదకొండుకల్లా బాపట్ల చేరాను. రిక్షా అర్ధరూపాయి.

"కాలేజీ పంతులమ్మ కమల గారిల్లు తెలుసా?" అని అడిగాను రిక్షా అతణ్ణి.

"ముళ్ళెలకలమ్మగారా? ఎక్కండి పిన్నిగారూ. నిరుడు వాళ్ళత్తగారికి బొగ్గుల బస్తాలు నేనే ఏశానండి. ఆ ఎలకలకి చలేస్తందని కుంపటంట! మా ఇంటిదానికి పురుడొచ్చినప్పుడు కూడా అన్ని బొగ్గులు కాల్చలేదండి."

నిరుడు జరిగింది అదే. కమల అత్తగారు అనసూయమ్మ గారు పుష్యమాసమంతా వాటి గదిలో కుంపటి పెట్టారు. వెచ్చదనానికి అవి నిద్రే పోలేదు. ఎండలు ముదిరినా మగది ఆడవాటి వైపు చూడలేదు. ఈ ఏడు ఆవిడ చలి రోజుల్లో కూతురింట్లో ఉండబట్టి హాయిగా పడుకున్నాయి.

నేను వెళ్ళేసరికి వెనక గది తలుపుకు వీపు ఆనించి కమల నిలబడి ఉంది. ఎదురుగా అనసూయమ్మ గారు, చేతిలో కుంపటి.

"సమయానికొచ్చావమ్మా. పొద్దుట్నుంచీ లోపల కీచుకీచుమంటున్నాయి. ఈ పిల్ల తలుపు తియ్యనివ్వదు. పసిగుడ్లకి కాపడం పెట్టొద్దూ? సాంబ్రాణి వెయ్యొద్దూ?"

"తలుపు తీస్తే తల్లి బెదిరిపోయి పిల్లల్ని తినేస్తుందండి అత్తయ్యగారూ" అంది కమల.

"ఏ తల్లన్నా పిల్లల్ని తింటుందటే? ఏంటమ్మా ఈ మాటలు! చదువుకుని నేర్చుకున్నది ఇదా?"

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, ఇది పురుడేనంటారా?" అని అడిగాను ఆవిణ్ణి.

"కాకపోతే మరేంటి?"

"మన ఇళ్ళల్లో పురిటి గదిలోకి ఎవరు పడితే వాళ్ళు పోతారా?"

"పదకొండో రోజు స్నానమయ్యేదాకా మంత్రసాని తప్ప ఎవరూ పోకూడదు" అన్నారు మెల్లగా.

"ఇక్కడ మంత్రసాని ఎవరు మరి?"

ఆవిడ కోడలి వైపు తిరిగారు. "ఇదే. ఇంకెవరున్నారు?" అని కుంపటి పెరట్లో దించేశారు. వెంటనే వెనక్కి తిరిగి, "అయితే నువ్వు ఈ పది రోజులూ వంటింట్లోకి రాకు. మైల" అన్నారు. కమల నవ్వు ఆపుకోలేకపోయింది.

కమల కబురు అందుకుని సాయంత్రం హెడ్డు గారు స్వయంగా వచ్చారు. అనసూయమ్మ గారు పెరటి గుమ్మంలో అడ్డంగా కూర్చున్నారు.

"లోపలికి రాకూడదు బాబూ. పురుడు."

"ఎవరికండి?"

"మీ ఎలక్కే."

"నేను కళ్ళతో చూడాలి కదండీ. చూడకుండా పిల్లలు పుట్టాయని ఎలా రాసేది?"

"మీ ఇంట్లో పురుడైతే మీరు గదిలోకి పోయారా? పదకొండో రోజు రండి, చూద్దురుగాని. కావాలంటే ఆ కిటికీ దగ్గర నిలబడి వినండి. చప్పుడు చెయ్యకండి."

ఆయన చెప్పులు విడిచి, మూసిన కిటికీకి చెవి ఆనించారు. లోపల సన్నగా ఒక కీచు, దాని మీద ఇంకొకటి. ఆయన చాలాసేపు అక్కడే ఉన్నారు.

"పదకొండో రోజు మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తానండి" అన్నారు చివరికి. "వాటిని వదిలేసే మాట ఇప్పుడెందుకు కమలగారూ. పిల్లలు పెద్దవవ్వనీండి."

కమల కొంగుతో ముఖం తుడుచుకుంది. అనసూయమ్మ గారు మాత్రం గుమ్మం వదల్లేదు.

సంధ్యాదీపం పెట్టి ఆ గది వైపు కూడా దణ్ణం పెట్టుకున్నాను. ఈ వయసుకు ఎన్నో పురుళ్ళు చూశాను, వేడినీళ్ళు కాచాను, పసివాళ్ళకు ఒళ్ళు కాచాను. ప్రేమ అంటే చేతులతో చేసే పని అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రోజు అనసూయమ్మ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూశాక, ఊరుకోవడం ఎంత కష్టమైన సేవో తెలిసింది. ఆ పసివాటిని పైవాడు చల్లగా చూడాలి.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే తెనాలి చేరేలా చూసుకోండి. రేపల్లె ఆఖరి బండి తప్పితే రాత్రంతా స్టేషన్లోనే.