నలుగురి పేర్లు, ఒక్కదాని సర్వే

ఆ రోజుల్లో నాకు చదువంటే భయం, చదువుకున్నవాళ్లంటే గౌరవం ఉండేవి. (మొదటిది ఇప్పటికీ ఉంది.) తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, తర్వాత జగ్గయ్యపేటలో ఆటో తోలుకునేవాణ్ణి. మా పెద్దమ్మ కూతురు నందిగామలో డిగ్రీ ఆఖరేడు. అక్కడ హాజరు పట్టీ వరసలో నలుగురికి కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు, మామిడి రైతుల కష్టనష్టాల మీద సర్వే. అక్క వరసలో పడ్డ ముగ్గురూ మగపిల్లలే. ఆ ప్రాజెక్టు గట్టెక్కితేనే పైచదువుకి పంపుతానన్నాడు పెదనాన్న.

రెడ్డిగూడెం తోటల్లో ఎండకి తిరిగింది అక్క, తిప్పింది నేను. ఆ ముగ్గురూ తిరిగింది గరికపాడు ధాబాలకి. అక్క ఫోన్ చేస్తే వాళ్ల లీడరు, "నువ్వు కానిచ్చెయ్, టీమ్ వర్కే కదా," అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "వాళ్ల పేర్లు కొట్టెయ్యక్కా," అంటే, "నీకు తెలీదురా, బ్యాచ్ అంటే అంతే," అనేది. తెలియకేం? పెళ్లిలో పనికి రారు, మొదటి బంతికి ముందుంటారు.

వైవా రోజు అక్కని దింపి వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. సారు రిపోర్టులో ఒక ఫోటో చూపించి లీడర్ని అడిగారు, "ఈ రైతు ఎవరోయ్?" చెట్టు ఎత్తు తెలియాలని అక్క నన్ను పక్కన నిలబెట్టి తీసిన ఫోటో అది. (తలకి తువ్వాలు చుట్టుకుని రైతులాగే ఉన్నాను.) లీడరు తడుముకోలేదు. "పెద్ద రైతు సార్. నేనే మాట్లాడా. పూతంతా రాలిపోయి బాగా నష్టపోయాడు పాపం."

నష్టపోయిన రైతు ఇక ఆగలేకపోయాడు. కిటికీలో తల పెట్టి, "నాతో ఎప్పుడు మాట్లాడావు బాబూ? మా ఇంట్లో కరివేపాకు మొక్క కూడా లేదే," అన్నాను.

సారు నవ్వలేదు. ముగ్గుర్నీ బయటికి పంపి అక్కని ఒక్కదాన్నే అడిగారు. అక్క జవాబులు తడబడలేదు. "నువ్వు పాసమ్మా. వాళ్లు తోటలు చూసొచ్చి మళ్లీ రాయాలి," అన్నారు.

తిరుగుదారిలో అక్క, "వాళ్లకి ఆ తోటల దారి తెలీదురా. నువ్వు తీసుకెళ్లవూ?" అంది.

అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఆటో పక్కకి ఆపి మరీ తిట్టాను, అక్కనీ, ఆ ముగ్గుర్నీ, కలిసి చెయ్యమని చెప్పి ఎవరు చేస్తున్నారో చూడని కాలేజీనీ.

ఆదివారం తీసుకెళ్లాను. తోట దాకా ఆటో పోయే దారి ఉన్నా రోడ్డు మీదే దింపేసి నడిపించాను. నేను నీడలో పడుకున్నాను. అప్పటి ఆ ఆటో కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోపమైతే ఇంకా చల్లారలేదు వాడికి. అయినా అక్క అడిగితే మళ్లీ ఆటో తీస్తాడు, వెధవ.