చెరిపేసిన చెయ్యి

పెంపుడు జంతువుల ఫొటోలు తీయడం నా వృత్తి. అవి కుదురుగా ఉండవు కాబట్టి యజమాని పట్టుకుంటాడు. ఫొటోలో పడ్డ ఆ చెయ్యిని తర్వాత నేను కంప్యూటర్లో చెరిపేస్తాను. ఆ రోజు రాజోలు బస్సులో, ఒళ్లో లాప్‌టాప్‌తో, పొద్దుట్నుంచీ అదే పని. కళ్లు మండుతున్నాయి. ఇంక ఎన్నాళ్లో బతకదని యజమాని తీయించుకున్న ముసలి కుక్క ఫొటో తెర మీద ఉంది.

ఖాళీ చేపలబుట్టతో పక్కన కూర్చున్నావిడ వంగి చూసింది.

"ఆ చెయ్యెవరిదండీ?"

"పెంచినాయనదండీ. తీసేస్తే కుక్క ఒక్కటే కనిపిస్తుంది."

తీసేశాను. ఆవిడ కాసేపు చూసి, "మరి అది ఇంకా ఆయన్నే చూస్తందండీ," అంది.

నిజమే. కుక్క తలెత్తి, ఏమీ లేని చోటుకేసి చూస్తోంది.

ఆవిడ తాటిపాకలో దిగిపోయింది. నేను చెయ్యి మళ్లీ తెచ్చి పెట్టాను.

ఇప్పటికీ చేతులు చెరుపుతూనే ఉన్నాను. కానీ ముందు, ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో చూస్తాను.