పెద్దమ్మ టీవీ ఆపేసిన సాయంత్రం

మా చిన్నప్పుడు... సాయంత్రం ఏడయ్యేసరికి ధర్మవరంలో మా వీధి ఆడవాళ్లంతా మా ఉమ్మడి ఇంట్లో పెద్దమ్మ ముందుగదిలో నేల మీద కూర్చునేవాళ్లు. వీధి మొత్తానికి ఒకే టీవీ... హిందూపురంలోని పుట్టింటివాళ్లు పెద్దమ్మకు ఇచ్చింది. ఆ సంగతి ఆమె ఏదో ఒక వంకతో రోజూ మాకు గుర్తుచేసేది.

అందరికంటే ముందు చాప వేసుకుని మా అవ్వ. ఆమె వెనక అమ్మ, నేను, పెద్దమ్మ కూతురు సుజాత. నాయన, పెదనాయన మాత్రం పక్క గదిలో పట్టుచీరలు నేస్తూ, వినబడే మాటలతోనే కథ తెలుసుకునేవాళ్లు.

అదొక ఉమ్మడి కుటుంబం సీరియల్. ఒక అత్తగారు, ఇద్దరు కోడళ్లు. నాకు బాగా నచ్చిన ఎపిసోడ్ ఏదంటే... అత్తగారి కాసులపేరు పోతే, పెద్దకోడలు ఆ నింద చిన్నకోడలి మీద వేస్తుంది. చిన్నకోడలు కొడుకు తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తుంది. గదిలో ఉన్నవాళ్లంతా కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ గొంతు లేచింది.

"టీవీలోనే కాదు, ఇట్లాంటోళ్లు మన ఇండ్లల్లో కూడా ఉండారు. జరీ కండెలు ఊరికే మాయమైపోతాయా?"

ఆ వారంలోనే పెదనాయన మగ్గం దగ్గర జరీ దారం చుట్టిన కండె ఒకటి కనబడకుండా పోయింది. మగ్గాల గది ఊడ్చేది మా అమ్మ.

అమ్మ లేచి నిలబడింది. "ఎవర్ని అంటాండావక్కా? పేరు పెట్టి అను."

"నేను టీవీలో దాన్ని అంటాండా. నీకేల గుచ్చుకుంటాంది సరోజా?"

"ఏమ్మీ, కథ అయ్యేదాంకా ఊరకుండండే!" అని అవ్వ ఇద్దరినీ కసిరింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఒక్కరు కూడా ఆపలేదు... సీరియల్ ఒక్క ముక్క తప్పిపోవడం ఎవరికీ ఇష్టం లేదు మరి.

మర్నాటికి పొయ్యిలు వేరయ్యాయి. వెనక వసారా మాకు, ముందు గదులు వాళ్లకు. అవ్వ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అన్నదమ్ములు పక్కపక్కనే నేస్తూ కూడా పలకరించుకునేవాళ్లు కాదు.

కిటికీ దగ్గర నిలబడి చూడబోతే పెద్దమ్మ నా మొహం మీదే రెక్కలు మూసింది. బడిలో సుజాతను అడిగితే, "చిన్నకోడలు సచ్చిపోయిందిలే... బావిలో దూకె" అంది. ఏడుస్తూ ఇంటికొచ్చి చెప్పాను. ఆ సీరియల్ ఊసెత్తితే వీపు చీరేస్తానన్న అమ్మ, సంగటి గెలికే తెడ్డు వదిలేసి చతికిలబడింది. "అదేం పాపం చేసిందని సావాల?" అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ పూట సంగటి అడుగంటింది.

తీరా వీధిలో వాళ్లను అడిగితే అంతా అబద్ధం. చిన్నకోడలు నిక్షేపంగా ఉంది. మర్నాడు ఇంటర్వెల్లో నేను, సుజాత జుట్లు పట్టుకున్నాం.

తర్వాత వానలు పడి, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో చెమ్మ చేరింది. పెదనాయన అడుగున పరిచిన గోనెపట్టా పైకి తీస్తే... దాని కిందే ఉంది జరీ కండె. తెచ్చి అవ్వ చూస్తుండగా పెద్దమ్మ ముందు పెట్టాడు.

"అయితే ఏమిప్పుడు?" అంది పెద్దమ్మ. బియ్యం ఏరడం కూడా ఆపలేదట.

నాయన వచ్చి అమ్మకు చెప్పాడు. అప్పట్నుంచి అమ్మ, ఎవరైనా వచ్చి తప్పయిందని ఒక మాట అంటారేమోనని, పనులు చేసుకుంటూనే తలుపు వైపు చూసేది. ఎవరూ రాలేదు.

కొన్నాళ్లకు సీరియల్లో కూడా కాసులపేరు దొరికింది. పెద్దకోడలు క్షమాపణ అడిగే ఎపిసోడ్ వస్తుందని వీధంతా కూడింది. గది నిండిపోయి జనం గడప బయట కూడా నిలబడ్డారు. తలుపూ కిటికీ మూసే వీల్లేదు కాబట్టి, నేనూ వాళ్ల మధ్యలో దూరి నిలబడ్డాను.

పెద్దకోడలు రెండు చేతులూ జోడించింది... అవ్వ వెనక్కి తిరిగింది.

"చూడమ్మీ, ఎట్లా అడుగుతాండాదో. నువ్వూ పోయి అడుగు సరోజను. కండె దొరికె కదా."

అందరి తలలూ పెద్దమ్మ వైపు తిరిగాయి. ఆమె చరచరా వచ్చి టీవీ ఆపేసింది.

"నా పుట్టింటోళ్లు ఇచ్చిన టీవీ ఇది. దీని ముందు కూర్చోని నాకే నీతులు చెప్తారా? యా ఒక్కరూ చూడాల్సిన పనిల్యా. పోండి!"

"అయ్యో, ఇప్పుడే గదే..." అని ఎవరో గొణిగారు. అవ్వ మాత్రం మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచి, చాప చుట్టి చంకలో పెట్టుకుంది. "నీ టీవీ నువ్వే పెట్టుకో. నాకు ఈడ కూడూ వద్దు" అని మా వసారాలోకి వచ్చేసింది.

అమ్మకు ఏమీ తెలియదు. "అప్పుడే అయిపోయిందా అత్తా, కథ?" అని అడిగింది.

"అయిపోయిందిలేమ్మీ... రొంత సంగటి పెట్టు."

ఆ తర్వాత అవ్వ పోయేదాకా మా దగ్గరే ఉంది. గోడ అవతల ఆ సీరియల్ పాట మొదలైతే చాలు, లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆమె పోయిన రోజు పెద్దమ్మ వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చింది. అమ్మను పలకరించకుండానే వెళ్లిపోయింది.

మొన్న పెనుకొండలో బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆ ఎపిసోడ్ ఫోన్లో దొరికింది. చివరిదాకా చూశాను... క్షమాపణ అడగడానికి పెద్దకోడలికి పెద్దగా సేపేమీ పట్టలేదు.

'అప్పట్లో వీధికి ఒకే టీవీ, అందరం ఒకే కుటుంబం' అనే పోస్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ కుటుంబమండీ? ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి సీరియల్ వాళ్లది. పక్కింటావిడ ఏం చూసి ఏడుస్తుందో తెలియదు. పోట్లాడటానికైనా గడప తొక్కేవాళ్లు లేరు... అదొక్కటి మాత్రం బాధగానే ఉంటుంది.

మీ వీధిలో సీరియల్ ముందు కూర్చుని ఎవరు ఎవరితో మాటలు మానేశారో కింద రాయండి. ఆప్యాయతల గురించి వద్దు... అవి చాలా చదివాను.