నీళ్ళు పండేదాకా

నేను కోతలు కోసే మనిషినని శ్రీకాకుళంలో నాతో టీ తాగిన ప్రతివాడికీ తెలుసు. నాగావళికి వరద వచ్చిన ఏడు ఒక కొర్రమీను మా వీధి చివర టీ కొట్టు దాకా ఈదుకొచ్చి, ఏటికి దారెటని అడిగిందని చెప్పినవాణ్ణి నేనే. దారి చూపించాక అది తోకతో దండం పెట్టిందని కూడా చెప్పాను. ఎవరికీ నష్టం లేదు గదా అని నా ధీమా. కానీ ఒకసారి, జీవితంలో ఒకే ఒకసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అవతలి మనిషిని నమ్మించలేక నిలబడిపోయాను. ఇది ఆ సంగతి. ఇందులో ఉప్పూకారం కలపలేదు. కలిపి ఉంటే ఇంతకంటే బాగుండేది.

మా మావగారు సముద్రం మీద బతికిన మనిషి. మొదట తెప్ప మీద, తర్వాత ఇంజను పడవ మీద, నలభయ్యేళ్ళకు పైగా వేటకెళ్ళారు. అత్తయ్య పోయాక ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఇంటికి సముద్రం వైపు గోడని అలలు కోసుకుపోయాయి. ఒకటిన్నర గది మిగిలింది. నిరుడు వానల్లో ఒక సాయంత్రం ఒడ్డున జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. తెల్లారి వలలు ఆరబెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు చూసేదాకా అలాగే తడి ఇసుకలో పడి ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి తీసుకొచ్చేశాం. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగిన రోజు నుంచీ ఆయనది ఒకటే మాట.

"నానెల్లిపోతానే గుంటా."

మా ఆవిడకి నలభై దాటాయి. ఆయనకి ఇంకా గుంటే, చిన్నపిల్లే.

"ఎక్కడికెల్తావయ్యా? అక్కడ గోడే నేదు."

"గోడ నేకపోతే గాలొస్తాది. ఇక్కడేటి, ఫ్యాను గాలీ గాలేనేటి?"

"మళ్ళీ పడిపోతే లేపీవోళ్ళెవరు?"

"లేపకపోతే పడుంటాను. కొత్తేటి నాకు?"

ఆ మాటకి మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. మొదటిసారి ఎవరో వచ్చి చూశారు. రెండోసారి ఎవరూ రాకపోతే? ఈ ప్రశ్న ఆవిడ నోటితో ఎప్పుడూ అనలేదు. పోపు వేస్తూ వేస్తూ ఆగిపోయేది, అంతే. ఆవాలు మాడిన వాసన హాల్లోకి వచ్చేది.

నాకు వచ్చిన విద్య ఒకటే, ఎదుట లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. మాటలతో ఆయన్ని ఆపలేనని తెలిసిపోయింది. అద్దాల చేపల తొట్టితో ప్రయత్నిద్దామనుకున్నాను.

ఐదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు. అంత తొట్టి ఇళ్ళలో ఎవరూ పెట్టుకోరని రంగుచేపలు అమ్మే ఆవిడ అంది. "మాయమ్మ తట్ట నెత్తినెట్టుకుని సచ్చిన సేపలమ్మింది బాబూ, నాను బతికున్నవి అమ్ముతన్నాను. ఇయ్యి బతకాలంటే మీకు ఓపికుండాల" అని కూడా అంది. అందమైన మాట గనక మొదటి సగం గుర్తుపెట్టుకున్నాను.

ఇనప స్టాండు గజపతినగరంలో నాకు తెలిసిన వెల్డరు చేత కట్టించాను. అది ఇంటికి రాకముందే ఆఫీసులో మాత్రం, బొబ్బిలిలో వీణలు చేయగా మిగిలిన పనస దుంగతో చేయించాననీ, చేప తోక తిప్పినప్పుడల్లా సన్నగా స్వరం పలుకుతుందనీ చెప్పేశాను. 

నలుగురు మనుషులు తొట్టి మోసుకొచ్చి హాల్లో దించారు. మావగారు కుర్చీలోంచి చూస్తున్నారు.

"ఇదేటల్లుడా? నన్నిందులో పడుకోబెడతావేటి?"

"చేపలకి మావా. మంచినీళ్ళ చేపలు."

"ఉప్పు నేని నీళ్ళలో సేపా? అది సేపేటి, కూరగాయ." మళ్ళీ తొట్టి వంక చూసి, "వండుతారా?" అన్నారు.

"వండం. చూస్తాం."

"సూసి?"

స్టాండు మీద థర్మోకోలు షీటు పరిచి, దాని మీద తొట్టి ఎక్కించాం. బాగానే ఉందనిపించింది. మావగారు కర్ర ఊతతో లేచి వచ్చి, తొట్టి అంచు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు.

"కుడిపక్క దిగినాది."

"లేదు మావా, గచ్చు సమంగానే ఉంది."

"నీ గచ్చు సంగతి నాకు తెల్దు. ఇది దిగినాది. నీళ్ళు పోసినాక పగిల్తే నన్ననకు."

తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం తెప్పించి చూస్తే, కుడివైపు చిటికెన వేలి మందం పల్లం ఉంది. స్టాండు కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టించారు. ఒక్కో ముక్కకీ అరచెయ్యి ఆనించి, "ఇంకొంచెం... ఆఁ, సాలు" అంటూ ఆయనే చెప్పారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పూట ఆయన వెళ్ళిపోతానన్న మాట అనలేదని మాకిద్దరికీ అన్నం దగ్గర గుర్తొచ్చింది. పైకి అనుకోలేదు.

నీళ్ళు నింపగానే చేపలు వేసేయవచ్చనుకున్నాను. షాపావిడ వద్దంది. కుళాయి నీళ్ళు డ్రముల్లో పట్టి రెండు రోజులు ఉంచి అప్పుడు పోయాలట. పోశాక ఫిల్టరు ఆడిస్తూ మూడు వారాలు ఖాళీగా ఉంచాలట. ఫిల్టరులో ఉండే స్పాంజిలో కంటికి కనబడని జీవాలు పుడతాయట. చేపలు చేసే మురికిని అవే తిని నీళ్ళని కాపాడతాయట. "స్పాంజి మురికిగా ఉన్నాదని కుళాయి కింద కడిగీకండి బాబూ. ఆ బ్లీచింగు నీళ్ళకి అయ్యన్నీ సచ్చిపోతాయి. కడగాలంటే తొట్టి నీళ్ళే బకెట్లోకి తీసి పిండుకోండి" అంది. నేను తలూపాను. ఆ సమయంలో నా బుర్ర పనస దుంగ కతకి ముగింపు వెతుకుతోంది.

ఇంటికొచ్చి మావగారికి చెప్పాను. "మూడు వారాలకి నీళ్ళు పక్వానికొస్తాయి మావా."

"నీళ్ళు పండుతాయేటి? ఇదీ నీ కతేనా?"

"ఒట్టు. షాపావిడ చెప్పింది."

ఆయన తొట్టి వంక చాలాసేపు చూశారు. "సరే. సేపలొచ్చీదాకా ఉంటాను. వచ్చినాక నన్నాపొద్దు."

ఆ మూడు వారాలూ మా ఇంట్లో ఒక మనిషి ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చున్నాడంటే ఎవరూ నమ్మరు. వారం దాటేసరికి నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. పాడైపోయాయని నేను తోడబోతే ఆయనే కర్ర అడ్డం పెట్టారు. "ఉండు. పోటు నీరూ ఇలగే కలక బారతాది. తేరుకుంటాది." నాలుగు రోజులకి తేరుకున్నాయి. ఆయన మొహం కూడా కొంచెం తేరుకుందని మా ఆవిడ అంది.

ఒక గురువారం ఆరు ఏంజెల్ చేపలు తెచ్చి వదిలాను. పలచగా, నిలువుగా, వెండి మీద నల్ల చారలతో ఉంటాయి. మావగారు అద్దానికి ముక్కు ఆనించి చూశారు.

"సందువ సేప పిల్లల్లాగున్నాయి కదే గుంటా!"

పొద్దుపోయేదాకా చూస్తూనే ఉన్నారు. మర్నాడు ఆయనే అన్నారు: "కొత్త పడవ దించితే గంగమ్మకి సెయ్యాల. ఆదివారం పొద్దుటే సేస్తాను. కొబ్బరికాయ తెప్పించు." వెళ్ళే ప్రసక్తి తేలేదు. మా ఆవిడ ఆయన పంచెలన్నీ ఉతికి, మడతపెట్టి, సంచిలో కాక బీరువాలో పెట్టింది.

ఇక్కడ నా వంతు వచ్చింది. ఆ ఆదివారమే ఆఫీసు వాళ్ళని ఇంటికి పిలిచాను. స్వరాలు పలికే తొట్టి చూడాలని వాళ్ళ సరదా, చూపించాలని నా గొప్ప. శనివారం మా ఆవిడ వాళ్ళ నాన్నని తుంటి చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను ఫిల్టరు తెరిచి చూస్తే స్పాంజి టీ రంగులో, జిగురుగా ఉంది. పెరటి కుళాయి కింద బకెట్లో పెట్టి, తేట నీళ్ళు వచ్చేదాకా పిండి పిండి కడిగాను. అంతటితో ఆగలేదు. తొట్టిలో సగం నీళ్ళు తోడేసి, కుళాయికి పైపు తగిలించి నేరుగా నింపేశాను. వానాకాలం, నీళ్ళు బ్లీచింగు వాసన కొడుతున్నాయి. వాసన తెలిసింది. నీళ్ళు మాత్రం అద్దంలా మెరిసిపోయాయి.

ఆదివారం తెల్లవారుతూనే మావగారు స్నానం చేసి వచ్చారు. అద్దం ముందువైపు, పడవ ముక్కుకి రాసినట్టే, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి నాలుగు చుక్కలు నీళ్ళలో వదిలారు. "గంగమ్మ తల్లీ, సల్లగా సూడు" అన్నారు. అప్పుడు ఆయన చేతిలో కర్ర లేదు. గోడకి ఆనించి ఉంది.

పదింటికి ఆఫీసు వాళ్ళు వచ్చారు. చేపలు ఆరూ నీటి పైకి వచ్చి మూతులు తెరుస్తున్నాయి.

"ఏటండీ, పైకొచ్చీసి అలగ నోళ్ళు తెరస్తన్నాయి?" అన్నాడొకాయన.

"నా మాటలు వినడానికి" అన్నాను. అందరూ నవ్వారు. 

సాయంత్రానికి రెండు పక్కకి ఒరిగాయి. సోమవారం పొద్దున్న నేను లేచేసరికి మావగారు ఆరింటినీ చేత్తోనే తీసి తడి తువ్వాలు మీద వరసగా పెట్టారు. వేట నుంచి తెచ్చిన చేపల్ని పెట్టే వరస అది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చి వచ్చి, బీరువాలోంచి పంచెలు తీసి సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు.

"ఏటయ్యా ఇది?"

"నా సెయ్యి పాడైపోనాదే. గంగమ్మకి సేసిన సెయ్యి. తెల్లారీసరికి ఆరుకి ఆరూ పోనాయి. తల్లి నన్ను ఒగ్గీసినాది. ఇంక ఎక్కడుంటే ఏటి."

నాకు కారణం ఆ ముందు రాత్రి నుంచే తెలుసు. చెప్పలేదు. ఆయన పంచె మీద పంచె మడుస్తుంటే మధ్యాహ్నం దాకా హాల్లో కూర్చుని పేపరు చదివినట్టు నటించాను. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఊరందరికీ కతలు సెప్తారు కదా. మాయయ్యని ఆపడానికి ఒక్కటి అల్లలేరా? కరెంటు పోనాదనండి, ఏదో ఒకటనండి." ఆవిడ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ మనసుతో అక్కడికెల్తే పడిపోయినా లెగడు."

కరెంటు కత రెండు నిమిషాల పని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాక, పసుపు అంటిన ఆ వేళ్ళు చూశాను.

"మావా, వాటిని చంపింది నేను."

ఆయన తలెత్తలేదు. 

"శనివారం మీరు ఆసుపత్రికెళ్ళినప్పుడు స్పాంజి కుళాయి కింద కడిగీసినాను. సగం నీళ్ళు మార్చి కుళాయి నీళ్ళే పట్టీసినాను. వద్దని షాపావిడ ముందే సెప్పింది."

"ఒగ్గీ బాబూ. నన్నాపడానికి సెప్తన్నావు."

"కాదు మావా, నిజం."

"నీ నిజాలు నాకు తెల్దేటి? కొర్రమీను దారడిగినాది కదా."

వెనక్కి చూస్తే మా ఆవిడ గుమ్మంలో ఉంది. ఇంతకంటే మంచిది అల్లలేకపోయారా అన్నట్టు చూస్తోంది. కతకైతే ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. దీనికి కలపడానికి ఏమీ లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పాను. మూడోసారీ చెప్పాను. సంచి జిప్పు లాగుతూ ఆయన ఆగారు.

"కడిగిన నీళ్ళేటి సేసినావు?"

"బీర పాదులో పోసినాను."

"ఏ రంగు?"

"టీ రంగు."

"ఏల కడిగినావు?"

"ఆఫీసోళ్ళు వస్తారని. గొప్పకి."

అప్పుడు తలెత్తారు. వేటకెళ్ళే ముందు మబ్బుని చూసే చూపు అది, ఎప్పుడో ఊళ్ళో చూశాను. చాలాసేపు నా మొహం చూశారు.

"ఇందులో పెద్ద సేప నేదేటి?"

"ఎందులో మావా?"

"నువ్వు సెప్పినదాన్లో. నీ కతలో ఎప్పుడూ ఓ పెద్ద సేపుంటాది. ఆఖర్న నువ్వే గెలుస్తావు. ఇదేటి... స్పాంజి ముక్క, కుళాయి, బీర పాదు. ఇంత సిన్న కత నువ్వెప్పుడు సెప్పినావు?" 

ఆయన సంచి జిప్పు వదిలేశారు.

"నిజమే అయ్యుంటాది" అన్నారు. తర్వాత, నెమ్మదిగా, "ఆరు పేనాలు తీసీసినావు కదరా, గొప్పకి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను 'రా' అనడం అదే మొదలు. పడాల్సిన మాటే గనక పడ్డాను. మంచం పట్టె మీద కూర్చుని తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. పసుపు గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. 

"నానేటో తల్లికి పనికిరాకుండా పోనాననుకున్నాను" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు. మేం చూడనట్టు ఉండిపోయాం.

కాసేపటికి సంచి మళ్ళీ తెరిచి, అందులోంచి తువ్వాలు ఒక్కటే తీసి భుజాన వేసుకున్నారు. కర్ర అందుకుని హాల్లోకి నడిచి, తొట్టి అద్దం మీది నీటి మరకలు తుడవసాగారు. పసుపూ బొట్టూ ఉన్న మేర వదిలేసి చుట్టూ తుడిచారు.

"మళ్ళీ మూడు వారాలేటి?"

"ఇంకా ఎక్కువే పట్టొచ్చు మావా."

"డ్రముల్లో పట్టు. పైపు ముట్టకు. స్పాంజి జోలికి నువ్వు రాకు."

మిగతా పంచెలున్న సంచిని మా ఆవిడ తలుపు వెనక మేకుకి తగిలించింది. నేను డ్రములు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను.