సిలార్ సాహెబ్ పెట్టిన చప్పిడి పథ్యం

ప్రత్తిపాడులో సిలార్ సాహెబ్ అంటే మందుల సాహెబే. చదివింది బోర్డు స్కూల్లో మూడో తరగతి వరకే అయినా, ఆయన మందు మింగని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. మునసబు గారి తల్లికి పచ్చకామెర్లు దించాడు. వినుకొండ నుంచి బండిలో పడుకోబెట్టి తెచ్చిన కుర్రాణ్ణి తన కాళ్ళ మీద నడిపించి పంపాడు. పత్తి మిల్లులో చెయ్యి నలిగిన ఏసోబుకు పుండు మాన్పి, మళ్ళీ అదే చేత్తో పార పట్టించాడు. అద్దంకి నుంచి ఒక ఆయుర్వేద పండితుడు పనిగట్టుకుని వచ్చి ఫలానా పొడిలో ఏముందని అడిగితే, మజ్జిగ ఇచ్చి సాగనంపాడే గాని చెప్పలేదు. మందు పేరు బయటికి చెబితే గుణం పోతుందని, ఈ విద్య నేర్పిన తాత చేతిలో చెయ్యి వేశాడు మరి. ఇవన్నీ ఇంకొకరు చెప్పక్కర్లేదు. అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ ఆయనే చెప్పేవాడు, ఒక్కటీ మరిచిపోకుండా.

అలాంటి మనిషి యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు గుంటూరు బస్సులో ఎవరి మొహమూ చూడకుండా తలవంచుకుని కూర్చున్నాడంటే, దానికి కారణం జమీలా.

జమీలా రోడ్డు పక్కన బజ్జీల కొట్టు నడిపేది. మిరపకాయల బస్తాలతో గుంటూరు వెళ్ళే బండ్లన్నీ అక్కడ ఆగేవి. భారీ మనిషి. ఎవరెంత ఎగతాళి చేసినా నవ్వేసేది. చుట్టం సైదాబీ కూతురి పెళ్ళికి వెళ్తూ ఆమె బండి వెనక కూర్చోగానే కాడి ఎద్దుల మెడల మీంచి గాలిలోకి లేచింది. బండి తోలే రసూల్, అక్కా, కాస్త ముందుకు జరక్కపోతే పెళ్ళికి మనం పోతాం, ఎద్దులు ఆకాశానికి పోతాయి అన్నాడు. బండిలో ఉన్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. జమీలా అందరికంటే గట్టిగా నవ్వింది. మర్నాడు తెల్లారేసరికి సిలార్ సాహెబ్ అరుగు దగ్గర నిలబడింది.

"మామా, నన్ను సగం చెయ్యి," అంది. ఈసారి నవ్వలేదు.

ఒళ్ళు తగ్గే మందు ఆయన దగ్గర లేదు. తాత ఇవ్వలేదు, ఈయన ఎవరికీ వాడలేదు. తర్వాత ఆయన్ని రంపంలా కోసింది అప్పుడు అనలేకపోయిన ఆ మాటే. నా దగ్గర లేదమ్మా అని ఉంటే సరిపోయేది. కానీ లేదనే మాట ఆ అరుగు మీద అప్పటిదాకా ఎవరూ వినలేదు. మొహం, కాళ్ళు ఉబ్బినవాళ్ళకు ఒక్క పూట ఇచ్చి ఊరుకునే భేదిమందు పొడి ఒకటి ఉంది. ఒంట్లో చేరిన నీటిని లాగేసేది ఒంట్లో చేరిన కొవ్వును మాత్రం లాగదా అనుకున్నాడు. దాన్ని రోజూ పరగడుపున వేసుకోమన్నాడు. పైన చప్పిడి పథ్యం పెట్టాడు. ఉప్పు నాలుక మీదికి రాకూడదు, చింతపండు, నూనె తగలకూడదు, జొన్న జావ తప్ప ఇంకేదీ ముట్టకూడదు. పథ్యం తప్పితే మందు వికటిస్తుంది, ఆ తర్వాత నన్ననకు అని గట్టిగా చెప్పి మరీ పంపాడు.

జమీలా మాటంటే మాటే. ఆ ఎండల్లో, పొయ్యి ముందు, ఒళ్ళంతా చెమటలు కారుతున్నా ఉప్పు ముట్టలేదు. బజ్జీల పిండి కూడా రుచి చూసేది కాదు. దాంతో ఒకరోజు బజ్జీలు చప్పగా, ఒకరోజు నోట పెట్టలేనంత ఉప్పగా వచ్చేవి. పథ్యం నీకా మాకా అని బండ్లవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

మనిషి మాత్రం తగ్గింది. రవికెలు వదులయ్యాయి, చెంపలు లోపలికి పోయాయి. సిలార్ సాహెబ్ రోజూ సాయంత్రం ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఆగిన ప్రతి బండివాడికీ ఆమెను చూపించేవాడు. ఆ మాట మిరపకాయల బస్తాలతో పాటే గుంటూరు చేరింది. ఆయన లెక్కలో మునసబు తల్లి, వినుకొండ కుర్రాడు వెనక్కి వెళ్ళి జమీలా ముందుకు వచ్చింది.

ఒక సాయంత్రం జమీలా, పిక్కలు పట్టేస్తున్నాయి మామా, గుండె దడదడలాడుతోంది, పొద్దున లేస్తే కాళ్ళు నావి కావన్నట్టుంటున్నాయి అంది. బల్ల నిండా బండ్లవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు ఆయన చిన్నగా నవ్వాడు.

"కొవ్వు కరగడమంటే ఊరికేనా? మందు పట్టిందే పిచ్చిదానా," అన్నాడు. అనడమే కాదు, మోతాదు కూడా కాస్త పెంచాడు.

తర్వాతి వారంలోనే ఆమె చేతిలో జల్లిగరిటె జారిపోయింది. అదృష్టం బాగుండి మూకుడు మీద కాక పక్కనున్న శనగపిండి బస్తా మీద ఒరిగింది. కాళ్ళు, చేతులు వాలిపోయాయి. జమీలా మొగుడు మాబు పత్తి మిల్లు నుంచి పరుగున వచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

మర్నాడు మాబు చెల్లెలు కరీమున్ కబురు తెచ్చింది. ఏ మందు మింగిందో తెలిస్తే గాని వైద్యం సరిగ్గా కుదరదంటున్నారట. మాబుకు తెలిసింది గోధుమరంగు పొడి అని మాత్రమే. అందులో ఏమున్నాయో చెప్తే పోయి వాళ్ళకు చెబుతానంది. సిలార్ సాహెబ్ నేనే వస్తానన్నాడు. జమీలా మీద బెంగ ఉన్నమాట నిజమే. కరీమున్‌కు చెబితే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుందన్న భయం కూడా అంతే నిజం.

బస్సులో దారిపొడుగునా ఆయన మనసు దొంగలెక్కలు వేస్తూనే ఉంది. సునాముఖి ఆకు, కరక్కాయ, శొంఠి అని చెబితే చాలు. పిల్లలకు కూడా పెట్టే సరుకే, ఎవరూ తప్పు పట్టరు. నాలుగోదాని ఊసెత్తకపోతే పేరూ దక్కుతుంది, తాతకిచ్చిన మాటా దక్కుతుంది. ఇలా అనుకున్న ప్రతిసారీ పిండి బస్తా మీద ఒరిగిన మనిషి కళ్ళ ముందుకొచ్చేది.

ఆసుపత్రిలో జమీలా మంచానికి అతుక్కుపోయి ఉంది. చేతికి సూది గుచ్చి సీసాలోంచి మందునీళ్ళు ఎక్కిస్తున్నారు. నర్సు ఉప్పు కలిపిన గంజి గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది. జమీలా పళ్ళు బిగించుకుని తల అడ్డంగా ఊపుతోంది. మాబు ఈయన్ని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ అడిగితే ఆయన ఆ మూడు పేర్లూ చెప్పాడు. పాదరసం గాని, భస్మాలు గాని కలిపారా అందామె. అల్లా సాక్షిగా లేదన్నాడు. ఇంకేమీ లేదా అంది. లేదన్నాడు.

అప్పుడు జమీలా ఆయన్ని చూసింది. "మామా, వీళ్ళు గంజిలో ఉప్పేసి పోస్తున్నారు. నేను తాగలేదు. పథ్యం తప్పలేదు," అంది. గొంతు సరిగ్గా లేవడం లేదు గాని, అప్పజెప్పిన పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్పిన పిల్ల మొహంలా వెలిగింది ఆమె మొహం.

సిలార్ సాహెబ్ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకొకటి ఉందమ్మా," అన్నాడు డాక్టరమ్మతో. "నేపాళం గింజ. విషమే గాని, పాలల్లో ఉడికించి శుద్ధి చేసిందే. కానీ రోజూ ఇచ్చే మందు కాదు. నేను రోజూ ఇచ్చాను."

ఆమె తిట్టలేదు. తిడితే కాస్త నయంగా ఉండేది. పోయింది కొవ్వు కాదని, ఒంట్లో ఉండాల్సిన నీళ్ళూ లవణాలూ అని చెప్పింది. విరేచనాలకు కొంత, పొయ్యి దగ్గర చెమటకు కొంత పోతే, చప్పిడి తిండితో పోయింది పోయినట్టే ఉండిపోయిందట. గుండె గతి తప్పడం అందువల్లేనట. చెట్టుమందు కదా, ఏమీ చెయ్యదని అనుకోవద్దని మాత్రం నెమ్మదిగా అంది.

ఆయన నర్సు చేతిలో గ్లాసు తీసుకుని జమీలా పక్కన కూర్చున్నాడు.

"తాగమ్మా."

"మరి పథ్యం?"

"పథ్యం తప్పు. మందూ తప్పే. నాకు తెలియని పనిని తెలిసినట్టు చేశాను." వార్డులో పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూశారు.

జమీలా గ్లాసు అంచు నుంచి మొహం పక్కకు తిప్పింది. "మందు పేరు చెప్పేశావుగా మామా. గుణం పోదూ?"

"పోనీ," అన్నాడు.

ఆమె నోరు తెరిచింది.

బతికింది. మళ్ళీ కొట్టు తెరిచేసరికి వానాకాలం వచ్చింది. పోయిన ఒళ్ళూ వచ్చింది గాని, నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం మాత్రం వదలలేదు. మాబు ఆయనతో మాట్లాడటం మానేశాడు. సిలార్ సాహెబ్ ఆ రోడ్డు మొహం చూడలేక చేలకు అడ్డంపడి పోయేవాడు.

అంతటితో పోలేదు. ఆ పొడి కోసం జనం రావడం మొదలుపెట్టారు. సగమైన జమీలాను చూసినవాళ్ళు వందలమంది. మంచం మీద జమీలాను చూసినవాళ్ళు ఎందరు? తను ఊరూరా పంపిన మాటను ఇప్పుడు వెనక్కి పిలుద్దామంటే అది రావడం లేదు. ఇవ్వనంటే, మందుల సాహెబ్ గుట్టు విప్పడులే అని నవ్వేవాళ్ళు.

ఒకరోజు అద్దంకి బట్టల షావుకారు భార్య ఖుర్షిదా వచ్చింది. ఆయన ఇవ్వనన్నాడు, ప్రాణం మీదికొస్తుందన్నాడు. ఆమె వినలేదు. మీరు కాకపోతే వినుకొండలో ఒకాయన ఇస్తాడట అంటూ లేచి బస్సెక్కింది. సిలార్ సాహెబ్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, కదులుతున్న బస్సు పట్టుకున్నాడు. ఆమె ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, నేపాళం పేరుతో మొదలుపెట్టి, పిక్కలు పట్టేస్తున్నాయని జమీలా అన్నప్పుడు తనేమన్నాడో, ఎవరి ముందు అన్నాడో, అంతా చెప్పసాగాడు. బస్సంతా వింటోంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"ఈవిడ ఎక్కడిదాకా పోతే అక్కడికి," అన్నాడు.